లాయరుగారు ఏ గట్టు ఓట్లతో గెలిచినట్టు?

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో చూస్తూ, మీ పుట్టింటి నియోజకవర్గం ఇప్పుడు లేనే లేదుట అమ్మమ్మా, ఎప్పుడో రద్దయిపోయిందిట అని చెప్పి, అది ఉన్నన్నాళ్ళూ ఏ ఎన్నికలో ఎవరు గెలిచారో వరుసగా చదివి వినిపించింది. వినేకొద్దీ నాకు అయోమయం ఎక్కువైంది. లాయరుగారి తరువాతే డాక్టరుగారు ఎమ్మెల్యే అయ్యారని నాన్నగారు చెప్పేవారు, కాదు డాక్టరుగారే ముందని బాబాయిగారు చెప్పేవారు. ఫోనులో చూస్తే ఆ ఇద్దరి మధ్యా నేనెన్నడూ వినని పేరొకటి ఉంది.

మా పుట్టిల్లు ముక్తేశ్వరానికి దగ్గరలో, పంటకాలువకి ఇవతలి గట్టున. నాన్నగారి తమ్ముడు, మా బాబాయిగారి ఇల్లు అవతలి గట్టున. మధ్యలో కొబ్బరి దుంగల వంతెన. తోట పంచుకునేటప్పుడు హద్దు మీది చెట్లు ఎవరివన్న దగ్గర పట్టింపులొచ్చి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. పిల్లలమూ ఆడవాళ్ళమూ మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాళ్ళం.

అయితే ఎన్నికలు వచ్చాయంటే, నామినేషన్లు పడిన సాయంత్రమే బాబాయిగారు కండువా భుజాన వేసుకుని, వంతెన దాటి వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. ఆయనదొక పార్టీ, నాన్నగారిదొక పార్టీ. ఓటడగడానికి వచ్చానని ఆయన వంక. మొట్టమొదటి ఎన్నికల దగ్గర ఎత్తుకుని, లాయరుగారు గెలిచింది మా గట్టు ఓట్లతోనంటే మా గట్టు ఓట్లతోనని, అమ్మ కాఫీల మీద కాఫీలు అందిస్తుంటే, గొంతులు పోయేలా వాదించుకునేవారు. పోలింగు దాకా రోజూ ఇదే తంతు. పోలింగు మర్నాటినుంచి మళ్ళీ మాటల్లేవు. అది దెబ్బలాటో ముచ్చటో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఎన్నికలు ఏటేటా రావాలని మాత్రం దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

నా పిల్లలు కూడా పెద్దవాళ్ళయ్యాక, ఎక్కడో పెద్దలెవరో కూర్చుని నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీశారు. మా పాత సీటు పోయింది. ఇవతలి గట్టు ఒక సీటులోకి, అవతలి గట్టు ఇంకో సీటులోకి వెళ్ళాయి. జనాభా లెక్కల ప్రకారం అన్నారు కానీ, నాకు బుర్రకెక్కలేదు.

ఆ తరువాత వచ్చిన ఎన్నికలకి నేను పుట్టింట్లోనే ఉన్నాను. నాన్నగారు అరుగు మీద రెండు కుర్చీలు వేయించి, ఉతికిన పంచె కట్టుకుని, వంతెన వైపు చూస్తూ కూర్చున్నారు. బాబాయిగారు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆఖరికి పిన్ని వచ్చి, గుమ్మం పక్కన నిలబడి, నొచ్చుకుంటూ చెప్పింది: "ఈ సీటులో ఆయనకి ఓటు లేదు కదండీ బావగారూ. ఏం వంక పెట్టుకుని రమ్మంటారండీ?"

మీరే ఒకసారి వెళ్ళి రాకూడదా అని అమ్మ నాన్నగారితో మెల్లిగా అన్నది, కానీ ఆయనకి మాత్రం వంక ఏముంది? సాయంత్రానికి అమ్మ ఒక కుర్చీ లోపల పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు.

ఆ అరుగు మీదకి బాబాయిగారు మళ్ళీ రావడం నాన్నగారు పోయిన రోజునే. అన్నగారి పక్కన చతికిలబడి, ఆ ముఖంలోకి చాలాసేపు చూశారు.

"లాయరుగారు నెగ్గేరంటే మా గట్టు ఓట్లతోనే అన్నయ్యా," అన్నారు ఆఖరికి. కాస్త ఆగి, "కాదనవేం?" అన్నారు.

ఇప్పుడు బాబాయిగారూ లేరు. కాలువ మీద సిమెంటు వంతెన వేశారు, కార్లు పోతున్నాయి. ఎన్నికలొస్తే మా పిల్లలు ముఖం తెలియని వాళ్ళతో ఫోనులో తిట్టుకుంటారు తప్ప, ఓటు కోసమని ఒకరి అరుగు ఎక్కి ఇంకొకరు కూర్చోవడం నేను చూడలేదు. ఇంతకీ లాయరుగారు ఎవరి ఓట్లతో గెలిచారు అమ్మమ్మా, గట్ల వారీ లెక్కలు ఎక్కడైనా ఉంటాయేమో వెతకనా అంది మనవరాలు. వద్దులే అమ్మా అన్నాను. అది కాస్తా తేలిపోతే, అక్కడ ఆ ఇద్దరికీ మళ్ళీ మాటలుండవు.