‘దొరకచ్చు’ అన్న మనిషి

మా తోడికోడలు పోయింది. శుక్రవారం ఉదయం భవానీపురంలో, మా ఇంట్లోనే. నేను టీ కలిపి తెచ్చేసరికి ఊపిరి ఆగిపోయింది. టీ చల్లారిందని నాతో ఎవరూ గొడవ పెట్టుకోని మొదటి ఉదయం అది.

ఆమె ఖగోళశాస్త్రం చెప్పి రిటైరైంది, నేను అర్థశాస్త్రం. మా అత్తగారు మమ్మల్ని “చదువుకున్న కోడళ్లు” అనేవారు. అది పొగడ్త కాదు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరినా చివరిదాకా ఆమె ఒక పని వదల్లేదు. దూర పరారుణ కాంతిని, అంటే కంటికి ఆనని సెగలాంటి వెలుగుని, చూసే టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపాలని వాదించే బృందం ఒకటుంది; వాళ్ల ప్రతిపాదనలో, గ్రహాలు పుట్టే చోట నీళ్లు వెతకడం గురించిన అధ్యాయం ఆమెది.

“అక్కయ్యా, కమిటీవాళ్లలా అడిగి నన్ను ఇరుకున పెట్టు,” అనేది రోజూ.

“ఏ కొండ మీదో పెట్టుకోరాదూ? అంత పైకి పంపడం దండగ.”

“మన గాల్లో తేమ ఆ వెలుగుని మింగేస్తుంది. కొండెక్కినా పూర్తిగా వదలదు.”

“సరే, పంపావు. దాన్నెందుకు అంత చల్లగా ఉంచడం?”

“మే నెలలో మన డాబా మీద పడుకుంటే పక్కవీధి పొయ్యి సెగ తెలుస్తుందా? డాబా సెగే సరిపోతుంది. టెలిస్కోపుకీ సొంత సెగ ఉండకూడదు.”

నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఒప్పుకుంటే మర్నాడు అడగడానికి ఏముంటుంది? “అడిగేవాళ్లు తెలివితక్కువవాళ్లనుకుంటే మన జవాబు చెడిపోతుంది,” అనేది, సరిగ్గా నన్నే చూస్తూ. ఆమె పుణ్యమా అని ఈ వయసులో నాకు ఆకాశం మీద కూడా అభిప్రాయాలు ఏర్పడ్డాయి.

నిపుణుల కమిటీ ముందు వీడియోలో మాట్లాడాల్సిన రోజు వచ్చింది. ఎక్కువ మాట్లాడొద్దని డాక్టరు ముందే చెప్పాడు. ఇంతలో బృందం నాయకుడు ఫోను చేశాడు. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే.

“మేడమ్, నీళ్లు ‘దొరకచ్చు’ అనకండి. ‘దొరుకుతాయి’ అనండి. మనకే అనుమానం ఉందని తెలిస్తే అంతా అయిపోయినట్టే. ఇన్నేళ్ల పనండీ.”

“ఉన్నంతే చెప్తాను నాన్నా.”

ఫోను పెట్టేసింది. ఆక్సిజన్ మాస్కు తీసేసి కెమెరా ముందు కూర్చుంది. నేను మాస్కు పట్టుకుని పక్కన, కెమెరాకి కనపడకుండా. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే క్లిప్పు ఆమె వేలికుంది; అందులో అంకె దిగుతోంది.

కమిటీలో ఒకాయన అడిగాడు: “వేడి నీటి ఆవిరిని ఇప్పటికే ఒక అంతరిక్ష టెలిస్కోపు చూస్తోంది. చల్లటి ధూళిని నేల మీది యాంటెన్నాలు చూస్తున్నాయి. మూడోది ఎందుకు?”

“మాది చల్లపల్లి దిగువన, కాలవ చివరి భూమి,” అంది ఆమె, మాట మాటకీ ఆగుతూ. “నీళ్లు రాకపోతే మా నాన్న గట్టు వెంట ఎగువకి నడిచేవాడు, ఎక్కడ ఆగాయో చూడ్డానికి. గ్రహాలు తయారయ్యే చోటా అంతే. నక్షత్రం దగ్గరి నీళ్లు చూశాం. దూరాన మంచు ఉందని తెలుసు. మధ్యలో చల్లటి ఆవిరి ఉండాల్సిన చోటే సరిగ్గా చూడలేదు. అక్కడికి ఈ టెలిస్కోపే కావాలి.”

“తీరా చూశాక అక్కడ నీళ్లు లేకపోతే?”

తెర మీద బృందం నాయకుడు కదలకుండా ఉన్నాడు. క్లిప్పులో అంకె ఇంకా దిగింది. నేను మాస్కు ఎత్తాను. ఆమె నా చెయ్యి పక్కకి తోసింది.

“దొరకచ్చు. దొరక్కపోవచ్చు. లేవని తేలితే, గ్రహాలకి నీళ్లు చేరే దారి గురించి మేం అనుకున్నది తప్పని చెప్తాం. అలా చెప్పాలన్నా ఇదే కావాలి.”

తరవాత ఎవరో థాంక్స్ చెప్పారు. తెర ఖాళీ అయింది. వెంటనే ఫోను మోగింది, బృందం నాయకుడే. నేనే తీశాను.

“ఇప్పుడావిడ మాట్లాడే స్థితిలో లేదు బాబూ. మాట్లాడినా అదే మాటంటుంది.”

ఆ ప్రతిపాదన తరవాతి పరిశీలనకు వెళ్లిందని కబురొచ్చేసరికి ఆమె లేదు. టెలిస్కోపు ఖాయమైందని కాదు. ఇంకో మెట్టు, అంతే. ‘దొరకచ్చు’ వల్ల ఎక్కిందో, అది ఉన్నా ఎక్కిందో వాళ్లు చెప్పలేదు.

కమిటీతో మాట్లాడిన ఆ సాయంత్రం మాత్రం ఆమె ఉంది. నేను మాస్కు తగిలించి తాడు సరిచేస్తుంటే లోపల్నించి అడిగింది: “చెడగొట్టానా అక్కయ్యా?”

“శుభ్రంగా,” అన్నాను.

నవ్వింది. మాస్కు ప్లాస్టిక్ మీద తెల్లటి ఆవిరి కమ్మింది, విడిపోయింది, మళ్లీ కమ్మింది.