ఇమామ్ చూసిన పిట్ట

పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు. పులికాట్ ఒడ్డున పుట్టిన ఇమామ్‌ను మాత్రం ఖతార్‌లో పేరే ముంచింది.

అతను దోహాలో ఓ బడి వ్యాను డ్రైవరు. శుక్రవారాలు ఆ బడి సైన్సు మాస్టారు, తెలుగాయనే అయిన ఫసీయుద్దీన్ గారినీ, పిట్టలు చూసే ఆయన బృందాన్నీ సముద్రతీరానికి తీసుకెళ్ళేవాడు. తొంభై నాలుగు సెప్టెంబరులో ఒకరోజు అందరూ దూరంగా బైనాక్యులర్లతో వెతుకుతుంటే, వ్యాను దగ్గర టీ తాగుతున్న ఇమామ్ ఎదుట ఓ పిట్ట వాలి పీతను పట్టింది. తెల్లటి ఒళ్ళు, నల్లటి వీపు, లావాటి నల్ల ముక్కు. నిమిషంలో ఎగిరిపోయింది. వాళ్ళు ఐదేళ్ళుగా వెతుకుతున్న క్రాబ్ ప్లవర్ అదే. మాస్టారు సంబరంగా నోటుబుక్కులో "చూసినవారు: ఇమామ్" అని రాశారు.

బృందానికి పెద్ద ఒక ఈజిప్టు లెక్చరరు. ఆరోజు రాలేదు, డ్రైవరు పేరూ ఎరగడు. అరుదైన పిట్టంటే విచారించనిదే ఒప్పుకోడు. నోటుబుక్కు చూసి నేరుగా తీరంలోని మసీదుకెళ్ళి, అక్కడ నమాజు చేయించే ఇమామును అడిగాడు. ఆ పెద్దమనిషి, "నేను ఏ పిట్టనూ చూడలేదే" అన్నాడు. ఇంకేం, నోటుబుక్కులో ఆ వరుసను ఎర్ర సిరాతో కొట్టేశాడు. పొరపాటు తెలిశాక కూడా దిద్దలేదు. డ్రైవరు ఒక్కడి మాట చాలదు, ఇంకొకరు చూడాలన్నాడు.

ఇమామ్‌కు ఒళ్ళు మండింది. కళ్ళారా చూసి అబద్ధాలకోరు అనిపించుకోవడమా?

"మళ్ళా చూపిస్తా సార్. మీరు నీళ్ళు వెనక్కి పోయినప్పుడు వస్తా ఉండారు. పిట్టలు దూరం పోతాయి. పెద్ద పోటప్పుడు వస్తే అవే మన కాళ్ళ కాడికొస్తాయి."

"పెద్ద పోటు ఎప్పుడొస్తదయ్యా?" అడిగారు మాస్టారు.

"పున్నమికి. శుక్రవారం పున్నమి నవంబర్లో ఉండాది. చూసి పెట్టినా."

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో అతని గదివాళ్ళు, ఇమామ్ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని రెండు నెలలు ఆటపట్టించారు. అతను మాత్రం రోజూ చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టుకున్నాడు.

ఆ శుక్రవారం పొద్దున్నే మాస్టారు, లెక్చరరు, ఇమామ్ ముగ్గురూ తీరానికి వెళ్ళారు. గంటైంది. కాకులు తప్ప ఏమీ రాలేదు. లెక్చరరు గడియారం చూసి "యల్లా", ఇక పదండంటూ లేచాడు.

"తాళం నా జేబులో ఉండాది సార్. పోటు నిండేదాకా వ్యాను కదలదు. నా ఉద్యోగం పోయినా సరే!"

మాస్టారు ఆ మాటను అరబ్బీలో కాస్త మెత్తగా చెప్పారు. లెక్చరరు గొణుక్కుంటూ కూర్చున్నాడు. నీళ్ళు పాక్కుంటూ వచ్చి ఇసుకదిబ్బను ముంచసాగాయి. పిట్టలు గుంపులుగా ఒడ్డుకు జరిగాయి. వాటి మధ్య, పొడుగు కాళ్ళ మీద, లావాటి నల్ల ముక్కుతో, అది!

లెక్చరరు చాలాసేపు బైనాక్యులర్లు దించలేదు. తర్వాత నోటుబుక్కు తీసి పూర్తి పేరు అడిగాడు.

"షేక్ ఇమామ్."

మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. "అయ్యో, ఇప్పుడు షేక్ కూడానా! ఈసారి ఏ షేక్ సాబ్ ఇంటికి పోయి అడుగుతడో!"

"అట్టయితే ముందు డ్రైవర్ అని రాయమనండి సార్."

లెక్చరరు అలాగే రాశాడు. దాని కింద, రెండోసారి చూసినవాడిగా, తన పేరు రాసుకున్నాడు.