వాడపల్లి దాకా ఆగని పరుగు

కొత్తగా హెలికాప్టర్ నడపడం వచ్చిన ఆ రోజుల్లో నేల మీద తిరిగేవాళ్ళందరినీ చూసి నాకు కాస్త జాలిగా ఉండేది. దానికి తోడు దూరపు పరుగుల పిచ్చొకటి. (పెళ్ళి సంబంధాలవాళ్ళకి మా ఇంట్లో మొదటిది చెప్పి రెండోది దాచేవారు.) వైమానిక దళంలో మా యూనిట్ పరుగు జట్టులో ఎలాగైనా చేరాలని నా ఆశ. జట్టు పెద్దాయన ఒకటే షరతు పెట్టారు: సెలవు అయ్యేలోగా ఒక్కసారైనా ఎక్కడా ఆగకుండా ఇరవై కిలోమీటర్లు పరుగెత్తాలి. ఎక్కడ ఆగినా నా చేతి గడియారం ఆయన ఫోనుకి చాడీలు చెప్పేస్తుంది.

ఓస్, ఇంతేనా అనుకుని కొత్తపేటలో మా మేనత్త ఇంటికి వచ్చాను. మొదటి రోజు రోడ్డెక్కానో లేదో, మోటారు సైకిల్ మీద ఒక పెద్దాయన పక్కకొచ్చి, "బస్సు తప్పిపోయిందాండీ? ఎక్కండి, దింపేస్తాను" అన్నారు. ఊరికే పరుగెడుతున్నానన్నాను. "ఊరికే ఎవరైనా పరిగెడతారేంటండీ! ఇంటి దగ్గర అంతా కులాసాయేనా?" అంటూ బండి అడ్డం పెట్టారు. అంత మర్యాదగా అడిగినాయనకి ఆగి జవాబు చెప్పకపోతే అత్తయ్య పరువేం కావాలి? ఆగాను. మర్నాడు ఆటో ఆయన ఆపారు. ఆ మర్నాడు కొబ్బరి బొండాలాయన ఆపి, బొండం తాగేదాకా కదలనివ్వలేదు. నా చెమట చూసి ఎవరో ఇంటికి ఫోన్ కూడా చేశారు: "మీ మేనల్లుడు ఏడుస్తా పరిగెడుతున్నారండీ, ఎవరైనా పోయేరా?"

సెలవు అయిపోవస్తోంది. ఇక జట్టు ఆశ వదులుకోవలసిందేనని ఏడుపు మొహంతో కూర్చున్నాను. అత్తయ్య చూసి, "రేపు శనివారమే కదరా! వాడపల్లి వెంకన్న దగ్గరికి పరిగెట్టుకుంటా వస్తానని మొక్కుకున్నావని చెప్తాను. ఎవడాపుతాడో చూస్తా" అంది.

"నేను మొక్కుకోలేదు కదత్తా!"

"నీ తరఫున ఇప్పుడే మొక్కేసేను. మధ్యలో ఆగేవంటే ఆ దోషం నాదే. తర్వాత నీ ఇష్టం."

తెల్లవారింది. ముందు మావయ్య స్కూటరు, దాని వెనక సీటులో అత్తయ్య, వాళ్ళ వెనక నేను. "మొక్కండీ! ఆపకండీ!" అని ఆవిడ కేక వేస్తుంటే దారి దానంతటదే తెరుచుకుంది. నిన్నటిదాకా నన్ను ఆపినవాళ్ళే ఇవాళ నా కోసం బస్సులు ఆపారు. మోటారు సైకిల్ పెద్దాయన పక్కనే వస్తూ, "ఆయ్, ముందే చెప్తే మేం ఆపుతామేంటండీ!" అని నొచ్చుకున్నారు. రావులపాలెంలో అరటి గెలలు దింపుతున్నాయన పండు ఒలిచి, నాతోపాటు పరుగెత్తుతూ నోటికి అందించారు. నాకైతే ఏనుగెక్కినంత గర్వంగా ఉంది.

వాడపల్లి ఇంకాస్త దూరం ఉందనగా కాళ్ళు మొరాయించాయి. ఆగిపోదామనే అనుకున్నాను. అంతలో అత్తయ్య స్కూటరు ఆపించి దిగి, కొంగు నడుముకి దోపి, చెప్పులు మావయ్య చేతికిచ్చి నా పక్కన పరుగందుకుంది. "నీకు గాల్లో ఎగరడం నేర్పినోళ్ళు కాళ్ళు కదపడం నేర్పలేదేంట్రా? పద!" ఇద్దరం రొప్పుకుంటూ గుడి ముందుకి చేరాం. జనం గోవిందా అన్నారు. గడియారం చూసుకున్నాను. ఇరవై కిలోమీటర్లు నిండాయి. ఎక్కడా ఆగలేదు! ఆనందం పట్టలేక అత్తయ్యని అమాంతం ఎత్తేశాను.

"దింపరా! ఇక్కడి మొక్కు ఏడు శనివారాలు. ఇంకా ఆరున్నాయి" అంది తాపీగా.

నేను జట్టులో చేరిపోయాను. ఆ ఆరు వారాలూ నా బదులు అత్తయ్యే వెళ్ళింది, నేను పంపిన బూట్లు చీర కింద వేసుకుని. రుచి మరిగి, ఆ తర్వాత కూడా మానలేదు. ఇప్పుడు నాకు నలభై దగ్గరపడింది, మోకాళ్ళు మూలుగుతున్నాయి. సెలవులకి వెళ్తే ముందు ఆవిడ, వెనకాల నేను. మొన్న ఎవరో, "మీ మేనల్లుడు ఆగిపోయేరండీ" అని చెబితే, ఆవిడ వెనక్కి కూడా తిరగలేదు.

"ఆగనివ్వండి పాపం. పెద్దాడైపోయేడు" అంది.