రాహేలమ్మ అర్జీలో మొదటి వాక్యం

పక్కింటాయన మురుగుకాలవకు అడ్డంగా గోడ లేపాడు. మా పెరట్లో నీళ్లు నిలిచి బురద కుళ్లుతోంది. ఆ వాసనకు ఒళ్లు మండి, మునిసిపాలిటీకి అర్జీ రాద్దామని కూర్చున్నాను. కలం తెరిచేసరికి రాహేలమ్మ గుర్తుకొచ్చింది. ఆమె చేనంతా ఇదే వాసన వేసేది.

పందొమ్మిదివందల యాభైలలో రాజంపేట దగ్గర ఒక పల్లెకు అయ్యవారుగా వెళ్లాను. బడి వెనకే రాహేలమ్మ ఇల్లు. ఆదివారం చర్చికి పోవడం, మిగతా రోజులు చేలో నడుం వంచడం, అంతే ఆమె బతుకు. ఉన్నది ఎకరన్నర. ఏటి మీద ఎవరో ఎప్పుడో కట్టిన ఆనకట్ట ఇసుక మేటతో నిండిపోయింది. వాన గట్టిగా పడితే చాలు, ఏరు వెనక్కి తన్ని ఆ చేను మునిగేది. ఆ ఆనకట్ట గోడ పగలగొట్టాలని మా ఊరు, తాకితే ఊరుకోమని కింది ఊరు. వాళ్ల మళ్లకు నీళ్లు ఆ ఆనకట్ట నుంచే పోవాలి మరి. నేను ఆ ఊరు చేరేనాటికే రెండూళ్ల వాళ్లూ మాటలు మానేసి చానా ఏళ్లయింది.

అర్జీ రాసిపెట్టమని ఒకరోజు రాహేలమ్మ వచ్చింది. నేను ఆవేశంగా కింది ఊరిని ఉతికి ఆరేస్తూ పేజీ నింపి చదివి వినిపించాను. అక్షరం ముక్క రాని మనిషి, తల అడ్డంగా ఊపింది.

"ముందు వాళ్లకేం పోతాదో రాయి అయ్యోరా. ఆ యెనక నా చేను సంగతి."

మన గొంతు మనమే కోసుకోవడమా అని విసుక్కున్నాను. వచ్చే ఆఫీసరు ఎట్లాగూ కింది ఊళ్లో ఆ మాట వింటాడు, మనమే చెప్పింటే మన తక్కిన మాటలూ నమ్ముతాడు అంది. ముసలిదానికి లౌక్యం బాగానే ఉందే అనుకుని రాసిచ్చాను.

విచారణకు వచ్చిన ఇంజనీరు ఆ అర్జీ చేత్తో పట్టుకునే రెండూళ్లూ తిరిగాడు. చివరికి ఆనకట్ట మీద నిలబడి, కింది ఊరికి వచ్చే ఏడు కొత్త కాలవ వస్తుంది, ఈ గోడ ఈ వేసవిలోనే తీయిస్తానన్నాడు. మావాళ్లు పొంగిపోయారు. రాహేలమ్మ ముందుకొచ్చింది.

"కాలవలో నీళ్లు పారినాక తీయండి సారూ. ఇంకొక్క పంటకారు నా చేను మునిగితే మునగనీ."

మునిగింది కూడా. కోతకొచ్చిన కొర్ర కుళ్లిపోయింది. ఆ ఏడంతా ఆమె కూలికి పోయి బతికింది. ఆమెది లౌక్యం కాదని అప్పుడు తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటి ఏడు కాలవ పారింది. గోడ కూల్చే రోజు గడ్డపారలు పట్టుకుని అందరికంటే ముందు వచ్చింది కింది ఊరివాళ్లే. ఆ తర్వాతి కారులో తన చేలో పండిన కొర్రలతో ఆమె నాకు అన్నం వండి పెట్టింది. అంత కమ్మటి అన్నం మళ్లీ తినలేదు.

కలం మూసి, పక్కింటికి వెళ్లి, వాళ్ల ఇబ్బంది ఏమిటో అడిగి వచ్చాను. ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు. అయినా అర్జీ మొదలుపెట్టాను: 'అయ్యా, ఆ గోడ తీసేస్తే మా పక్కింటివారి వంటింట్లోకి మురుగు వస్తుంది.'