జమ్లి మాటకు నేను చెప్పిన ఇంగ్లిష్

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో గుమస్తాను. బియ్యానికి పురుగు పట్టకుండా బస్తాల మీద పట్టా కప్పి, లోపలికి గ్యాసు వదిలేవాళ్లం. ఆ గ్యాసు పైనున్న ఓజోన్ పొరను తినేస్తుందని, విదేశాలకు పంపే సరుకుకు తప్ప వాడకూడదని దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయి. మేము ఇక్కడ తినే బియ్యానికీ వాడి, ఎగుమతి కోసమని రాసేవాళ్లం. మా రాతలనే చూపించి మన ప్రభుత్వం ఆ ఒప్పందం వాళ్లకు జవాబు చెప్పేది. నమ్మి చెప్పేదా, నమ్మినట్టు ఉండేదా? నాకేం తెలుసు.

పట్టా తెరిచాక ఒక రోజంతా గాలి ఆడనివ్వాలి. బయట లారీ వచ్చి నిలబడితే ఎవరు ఆగుతారు? హమాలీలు ముక్కుకు తడి తువ్వాల కట్టుకుని దూరిపోయేవాళ్లు. తడి గుడ్డ ఉంటే గ్యాసు ఏమీ చేయదని వాళ్ల నమ్మకం. గుడ్డ ఏదీ ఆ గ్యాసును అడ్డుకోదని డబ్బా మీద ఇంగ్లిష్‌లో రాసి ఉండేది. చదివాను. చెప్పలేదు.

సక్రు అలాగే పాడయ్యాడు. వేములపల్లి దగ్గరి తండా మనిషి. చేతులు వణికేవి, మాట ముద్దగా వచ్చేది, బస్తా ఎత్తబోయి కూలబడేవాడు. సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్లారు గానీ, ఏ గ్యాసు పీల్చాడో అక్కడ చెప్పేవాళ్లు లేరు.

ప్రభుత్వం చెప్పింది నిజమో కాదో చూడటానికి ఒకరోజు బయటి దేశం నుంచి ఒకామె వచ్చింది. మిల్లులో ఇంగ్లిష్ వచ్చినవాణ్ణి నేనే కాబట్టి మధ్యలో నన్ను నిలబెట్టారు. సక్రు భార్య జమ్లి గోదాం ఊడుస్తోంది. చీపురు పక్కన పడేసి, ఎవరూ పిలవకుండానే వచ్చింది.

"జర గీ అమ్మకు చెప్పు సారూ. గా గ్యాసు పట్టా కిందికి పోయినంకనే నా పెనిమిటి గిట్లయిండు. గీడ తినే బియ్యానికే కొట్టిన్రు. ఏం మందు ఇయ్యాల్నో ఆమెకు తెల్సుంటది, అడుగు."

భర్త బాగా తాగుతాడట, సాయం అడుగుతోంది అని ఇంగ్లిష్‌లో చెప్పాను. సక్రు చుక్క ముట్టేవాడు కాదు.

వచ్చినామె జమ్లి భుజం మీద చెయ్యి వేసి, ఏమీ రాసుకోకుండా వెళ్లిపోయింది.

"మొత్తం చెప్పినవా సారూ?"

"చెప్పిన."

"నీ కడుపు సల్లగుండ."

ఆ దీవెనతోనే నా పిల్లలు పెరుగుతున్నారు.

ఎందుకు చేశాను? మిల్లు మూతపడితే వందమంది నోళ్లు కొట్టినట్టవుతుందని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. యజమాని నా వెనకే నిలబడి ఉన్నాడు, ఒక్క మాట అనలేదు, ఆయన మొహమైనా చూడకుండా ఆయనకు కావలసింది నేనే చెప్పేశాను.

మరుసటి ఏడు వరికోతలకు ముందే సక్రు పోయాడు. మందేదో తెలిస్తే బతికేవాడా? అడగనివ్వలేదు కదా. ఇక ఎప్పటికీ తెలియదు.

నేను కోదాడ వచ్చేశాను. తండాకు పోదామని రెండుసార్లు బస్సెక్కాను. రెండుసార్లూ సగం దారిలో, నేరేడుచర్లలోనే దిగిపోయాను.

జమ్లికి చదువు రాదు. ఇది ఆమె కంట పడదని తెలిసే రాశాను. అయినా అబద్ధం చెప్పానని ఒక్కసారి కాగితం మీద పెట్టాక, కొంచెం ఊపిరి ఆడుతోంది. అదీ ఆమెకు అన్యాయమే.