పచ్చబొట్టు ఆట

మొన్న మా అక్క కమ్మలు మార్పించుకుంటానంటే తోడుగా ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధికి పోయాను. ఆ పక్క సందులో కొత్తగా ఒక టాటూ అంగడి వెలిసింది. గాజు తలుపు వెనక ఒక ఆడపిల్ల చెయ్యి చాపుకొని కూర్చుంది, ఫోనులో బొమ్మల్ని వేలితో తోసుకుంటూ ఏది పొడిపించుకోవాలా అని చూస్తోంది, నచ్చనిది నచ్చనట్టే పక్కకు పోతోంది. అక్క ఎండలో నిలబడి విసుక్కుంటున్నా నాకు అక్కణ్ణుంచి కాలు కదల్లేదు. మన వయసు వాళ్లకు పచ్చబొట్టు అంటే పొడిచినామె గొంతూ, ఏడవకుండా నోట్లో పెట్టిన బెల్లంముక్కా గుర్తుకొస్తాయి. నాకు చిన్నతనంలో ఆ ముచ్చట తీరలేదు. మాది చర్చికి పోయే కుటుంబం, ఒంటి మీద గుర్తులు కూడదని మా నాయన కట్టడి చేశాడు.

జమ్మలమడుగులో ముప్పై ఏళ్లు డ్రాయింగు టీచరుగా పనిచేసి, రాష్ట్రం విడిపోయిన కొన్నేళ్లకు రిటైరై, ఇంట్లో పొద్దుపోక మా ఆయన చదివే పేపరు కూడా సరిగ్గా మడవలేదని తగువు పెట్టుకుంటున్న రోజులవి. కంప్యూటరు చదువు చదివిన మా చెల్లెలి కూతురు ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి పులివెందులలో ఒక గది బాడుగకు తీసుకొని, గిరిజన కళాకారులతో ఫోను ఆటలు చేయించే పని మొదలుపెట్టింది. వాళ్ల కళ తీసుకొచ్చి వీళ్లు ఆట చేసుకోవడం కాదు, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని వాళ్ల చేతే చేయించాలి, పేరు ముందు వాళ్లదే ఉండాలి, అవునన్నా కాదన్నా వాళ్ల మాటే చెల్లాలి అనేది దాని పట్టుదల. బొమ్మల్ని కాగితం మీద గీసి కంప్యూటరుకు అందించే మనిషి కావాలి, పెద్దమ్మా నువ్వు రా అంది. ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కి నేనూ వారానికి మూడు రోజులు ఉద్యోగస్తురాలిలాగే పోయి వచ్చేదాన్ని.

ఆ గదికి సింహాద్రిపురం దగ్గరి పల్లె నుంచి ఒక ఎరుకలామె వచ్చేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. వయసులో ఉండగా ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచిన మనిషి, అడిగేవాళ్లు లేక బుట్టలు అల్లుకుంటూ బతుకుతోంది. ఆమె ముంజేతి మీద వాళ్లమ్మ పొడిచిన పదకొండు చుక్కల బొమ్మ ఒకటుండేది. అది పొడిపించుకున్నవాళ్లంతా పోయారు, ఆమె కూతుళ్లు సూదిని దగ్గరికి రానివ్వలేదు, ఇక మిగిలింది ఆ ఒక్క చెయ్యే. మొదటి రోజే ఆమె మా చెల్లెలి పిల్లతో చెప్పింది: "నేను పొయ్యేలోపల ఇది ఇంగొకరికి అందల్ల పాపా. అందుకే వచ్చినా, ఇంగ దేనికీ కాదు."

ఆట చాలా సులువు. ఫోనులో ఒక చెయ్యి కనబడుతుంది, ఆమె పాట వినబడుతుంది, పాట నడిచే వరసలో వేలితో చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. ఆమె చేతి మీది బొమ్మను గీసే పని నాది. ఆ పదకొండు చుక్కల్లో ఒకటి వరస తప్పి పక్కకు పోయి ఉంది, దాని కింద చిన్న మొలకలాంటి గీత. పిల్లల గీతలు వంకరపోతే స్కేలుతో వేళ్ల మీద కొట్టిన చెయ్యి కదా నాది, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఎవరినీ అడగకుండా ఆ చుక్కను లాగి వరసలో పెట్టి, మొలకను తీసేశాను. పైగా తప్పు చుక్క పడితే చెరిపేసుకోవడానికి ఒక మీట కూడా పెట్టమని సలహా ఇచ్చాను. అంతా అయ్యాక ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా.

చూపించిన రోజున ఆమె ఫోను పక్కన తన చెయ్యి ఆనించి ఒక్కో చుక్కా పోల్చి చూసింది. "ఇది మా యమ్మ పొడిసింది కాదు. ఆ సుక్క యాడ?" అంది. అది తప్పు పడిందక్కా, నేనే సరిచేశాను అన్నాను. "తప్పే. పసిపిల్లను, నొప్పికి చెయ్యి గుంజుకుంటి. మా యమ్మ దాన్ని మొలక చేసె. సూది దిగినాక ఎనక్కి తీసుకునేది యాడుంటాది టీచరమ్మా?" అని, ఆటలో తన పేరు తీసెయ్యమని చెప్పి, సంచి చంకన పెట్టుకొని బస్టాండు దారి పట్టింది. మా పిల్ల కంప్యూటరు ముందు కూర్చొని ఆమె పేరు తీసేసింది. నాలుగు తిట్టి ఉంటే నాకు బాగుండేది.

వారం రోజులు సిగ్గుతో ఇంట్లో కూర్చొని, ఆపైన ఉండబట్టలేక ఆమె పల్లెకు పోయాను. క్షమించమన్నాను. ఆమె బుట్టకని ఈత బరికెలు చీల్చుకుంటూ తలెత్తలేదు. ఏమనుకున్నానో ఏమో, అరవై దాటిన దాన్ని, ఆదివారం ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేదాన్ని, ఎడమ చెయ్యి చాపి ఆమె ముందు పెట్టాను. ఆమె అప్పుడు నవ్వింది. "శానా నొస్తాది" అంటూ లేచి రేకుడబ్బీ తెచ్చింది. మసీ ఆకుపసరూ కలిపింది, దారంతో కట్టిన సూదులు పట్టుకుంది. తన చేతి మీది బొమ్మ చూసుకుంటూ నా ముంజేతి మీద ఒక్కో చుక్కా పొడవసాగింది. తెలుగూ వాళ్ల ఎరుకల మాటా కలిసిన పాట ఎత్తుకుంది, అందులో అత్తలనూ మొగుళ్లనూ తిడుతూ నన్ను నవ్విస్తూనే ఉంది. అయినా ఎనిమిదో చుక్క దగ్గర ఓర్చుకోలేక పసిపిల్లలా చెయ్యి లాక్కున్నాను. చుక్క పక్కకు పోయింది. పాట ఆగలేదు. దాని కింద నాలుగు పోట్లు పడ్డాయి, మొలక లేచింది. పసుపు రాస్తూ, మొలక ఎవరిది వాళ్లదే అంది.

పులివెందులకు తిరిగిపోయి ఆమె బొమ్మను ఉన్నదున్నట్టు మళ్లీ గీశాను. చెరిపే మీట తీయించాము, వేలు తప్పితే ఆ చుక్కకు మొలక వచ్చేటట్టు మార్చాము. ఆమె పేరు మళ్లీ ముందుకొచ్చింది. నా చెయ్యి చూసి మా ఆయన రిటైరయ్యాక మతి పోయిందన్నాడు, నేను నిండు చేతుల రవికలు కుట్టించుకున్నాను.

ఆ ఆట ఇప్పుడు లేదు. ఫోన్లు మారిపోయాయి, కొత్తవాటిలో అది తెరుచుకోవడం లేదు. మళ్లీ చేయిద్దామంటే ఆ ముగ్గురు పిల్లలూ తలో ఊళ్లో తలో ఉద్యోగంలో ఉన్నారు. పచ్చబొట్టు పొడిచిన ఆ ఎరుకలక్క రెండేళ్ల కిందట పోయింది. ఫోటోలున్నాయి, కానీ ఏ చుక్క తర్వాత ఏ చుక్కో, పాటలో ఏ మాటకు సూది దిగాలో ఫోటోలో ఉండదు. కంప్యూటరులోకి ఎక్కితే ఇక చావు లేదనుకున్నాము, ఎంత అమాయకులమో. ఆ వరస తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే, నాకేమో సూది పట్టడం రాదు.

అందుకని మధ్యాహ్నాలు తెల్లకాగితం ముందేసుకొని, వచ్చినంత మటుకు ఆ పాట పాడుకుంటూ ఆమె బొమ్మను చుక్క తర్వాత చుక్క పెట్టి చూస్తున్నాను, ఎప్పటికైనా ఎవరైనా అడిగితే చూపించాలి కదా. అన్నీ సరిగ్గానే పడతాయి. వాళ్లమ్మ మొలక చేసిన చుక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఎంత జాగ్రత్త పడినా, నా చెయ్యి దాన్ని తీసుకుపోయి వరసలోనే పెడుతోంది.