పెరటాసి శనివారం, ధ్రువపు చేప

ఒక చేపల వంశాన్ని తుడిచిపెట్టాలంటే కొండంత ఓడలు, ఊరంత వలలు కావాలని మీరనుకుంటారు. అక్కర్లేదు. తిరుపతిలో మా ఇంటి ఫ్రిజ్జు, దానికి తోడు నా నోరు చాలు.

అప్పట్లో నేను కుర్ర శాస్త్రవేత్తను. దక్షిణ ధ్రువం దాకా ఓడలో పోయి, తిన్నదంతా సముద్రానికే సమర్పించుకుంటూ, నెత్తురు కూడా తెల్లగా ఉండే చేపల కండ తెచ్చాను. అక్కడి ఒక అఖాతంలో చేపలు వేరే గుంపనీ, పట్టేస్తే మరెక్కడి నుంచీ వచ్చి చేరేవి కావనీ ఆ కండతో రుజువు చేయాలి. చేస్తేనే అక్కడ వలలు ఆపుతారు. పరీక్షకని మెత్తగా నూరి ప్యాకెట్లలో పెట్టానో లేదో, శుక్రవారం సాయంత్రం మా ల్యాబు ఫ్రీజరు ప్రాణం విడిచింది. ప్యాకెట్లు చంకనేసుకుని ఇంటికి పరిగెత్తాను.

మర్నాడు పెరటాసి శనివారం, స్వామి ముందు అన్నం రాశిపోసి తళిగ వేసే రోజు. పెరటాసి నెలంతా మా ఇంట్లో కోడిగుడ్డు అన్న మాట కూడా గడప దాటి రాదు. చేపని తెలిస్తే అమ్మ నన్నూ ఫ్రిజ్జునూ కలిపి వీధిలో పెట్టేస్తుంది.

"ఏందిరా అది?" అంది అమ్మ.

"పుత్తూరు కట్టుమందు మా. మా సారు చెయ్యి ఇరిగింది. సల్లగా ఉండాలంట."

అబద్ధం అంత నున్నగా జారినందుకు నన్ను నేనే మెచ్చుకుని పడుకున్నాను.

తెల్లారి నాయన అలిపిరి మెట్ల దగ్గర మోకాలు మడతపడి కుంటుతూ వచ్చాడట. నేనప్పుడు ఫ్రీజరు మెకానిక్కు కోసం ఊరు గాలిస్తున్నాను. తిరిగొచ్చేసరికి ఆయన మంచం మీద మహారాజులా కాలు చాపుకుని ఉన్నాడు. మోకాలికి గుమ్మడికాయంత కట్టు. తళిగకు వచ్చిన చుట్టాలు ముక్కులు మూసుకున్నారు. వీధి పిల్లి కట్టు చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది.

"ఎన్ని ప్యాకెట్లు ఏసినావు మా?"

"అన్నీ. మీ సారు చెయ్యి సోమారం దాకా ఆగుతాది. మీ నాయన కాలు ఆగుతాదా?"

"అది చేప మా."

అమ్మ దేవుడి పటం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "పెరటాసిలో చేప. అదీ మొగుడి మోకాలికి నా చేత్తో కట్టించినావు."

నాయన కదల్లేదు. "ఉండనీవే. నొప్పి లాగేస్తా ఉండాది."

అమ్మ ఇల్లు పైకప్పు దాకా కడిగించింది. ఆ అఖాతానికి మా ఓడ మళ్లీ పోలేదు. అక్కడి వేటకు హద్దులు పెట్టే కమిటీ పెద్దలు చాలా మర్యాదగా "రుజువేదండీ?" అన్నారు. నాయన మోకాలిని వాళ్ల ముందు పెట్టే వీలు లేకపోయింది. రుజువు లేదు గనక ముప్పూ లేదని తేల్చి వలలకు అనుమతిచ్చేశారు. ఇప్పుడా వలలు ఖాళీగా పైకొస్తున్నాయట. రుజువుకిప్పుడు కొదవలేదు, చేపకే కొదవ.

మొన్న నాయన ఉన్నట్టుండి అడిగాడు. "ఏమప్పా, ఆ చేప ఇంగా ఉండాదా?"

ఇన్నేళ్లలో నన్నా మాట అడిగిన మనిషి ఆయనొక్కడే. "లేదు నాయనా."

"అయ్యో. రెండో మోకాలు గూడా పట్టేసింది రా."

కాబట్టి ఏడుకొండలవాడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరడిగినా, ఏ నెలలో అడిగినా, చేపను చేప అనే చెబుతాను. చెప్పడానికంటూ ఒక్కటి మిగిలితే.